తోడుకోని జిగురు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టేంత వయసు నీకెక్కడుందని మా అన్నయ్య వెక్కిరిస్తాడు. వాడికేం తెలుసు! గుడ్డు ఉడకబెట్టడానికి కూడా ఫోనులో వీడియో చూసుకున్న రోజులు, ఫోనులో కనబడని విద్య విద్యే కాదనుకున్న రోజులు నా మటుకు నాకు ఎప్పుడో దాటిపోయాయి. కాబట్టి ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగమే నన్ను వెతుక్కుంటూ వస్తుందన్న ధీమాతో ఇంట్లో కూర్చుని ఉన్నాను. పలాస నుంచి అక్కుపల్లి వైపు వెళ్ళే దారిలో, జీడితోటలు పలచబడి కొబ్బరితోటలు చిక్కబడే చోట మా ఊరు. ఉద్యోగానికి ఆ దారి తెలియలేదో ఏమో, రాలేదు. దాని బదులు ఒక పార్శిలు వచ్చింది (అది కూడా మా ఊరిదాకా రాలేదు, నేనే పలాస వెళ్ళి తెచ్చుకున్నాను). అందులో ఒక చిన్న సీసా, బొటనవేలంత ఊదారంగు దీపం, కొన్ని రబ్బరు అచ్చులు ఉన్నాయి. సీసాలోది యూవీ రెజిన్ అనే జిగురు. అచ్చులో ఒక పువ్వు పెట్టి ఆ జిగురు పోసి, ఆ దీపం కిందో ఎండలోనో కాసేపు ఉంచితే గట్టిపడి గాజుబిళ్ళలా అయిపోతుంది. పువ్వు అందులో ఎప్పటికీ వాడకుండా ఉండిపోతుంది. ఫోనులో ఒకమ్మాయి హిందీలో గడగడా మాట్లాడుతూ, నవ్వుతూ, చిటికెలో చేసి చూపించేది. ఆమె నవ్వు చూసి మోసపోయినవాళ్ళలో నేను మొదటిదాన్ని కాననుకుంటాను.

మా ఇంట్లో దాన్ని చూసి ముచ్చటపడింది మా నానమ్మ ఒక్కతే. నానమ్మ వయసులో ఉన్నన్నాళ్ళూ పలాసలో జీడిపప్పు బట్టీకి వెళ్ళి గింజలు కొట్టిన మనిషి. గింజల్లోని జీడి రసం కారి కారి ఆమె వేళ్ళు నల్లబడి, చర్మం దళసరెక్కిపోయింది. ఏ వస్తువైనా ముట్టుకుని చూస్తే గానీ ఆమెకు నమ్మకం కుదరదు. పెరుగు గిన్నె చేత్తో పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది.

“ఏటే అది, ఆవదమా?”

“కాదు నానమ్మా, జిగురు. పువ్వు మీద పోస్తే గట్టిపడిపోతాది.”

“నీల్లలాగున్నాది, ఎలగ గట్టిపడతాదే? సోద్యం సెప్తన్నావు.”

ఎలా చెప్పాలా అని ఆలోచించాను. కాంతి తగిలితే అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటాయని ఫోనులో పిల్ల చెప్పింది గానీ, అణువులకు చేతులేమిటని నానమ్మ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఆమె చేతిలోని గిన్నె కనబడింది. “ఇదిగో, నీ పెరుగు లేదా? పాలు నీళ్ళలా ఉండి తోడుకోవా? ఇదీ అంతే, తోడుకుంటాది” అన్నాను.

“ఓలమ్మ! తోడుకుంటాదా! మరలగ సెప్పవేటే” అని నానమ్మ సంతోషంగా లేచి వెళ్ళిపోయింది. ఇంత కష్టమైన సంగతిని ఒక్క మాటలో బోధించేసినందుకు నాకు నామీద ఎంత గౌరవం కలిగిందంటే, ఆ సాయంత్రమే బీఈడీకి అప్లై చేద్దామా అని కూడా ఆలోచించాను. ఎండలో పెట్టాలనే ముక్క మాత్రం నానమ్మకు చెప్పలేదు. అంత చిన్న సంగతి ప్రత్యేకం చెప్పాలని తోచలేదు. ఆ ఊదా దీపం రెండో రోజుకే, అన్నయ్య ఫోను చార్జరుకు తగిలిస్తే టప్పుమని ప్రాణం వదిలింది. ఇక మిగిలింది ఎండే. మేడ మీద పిట్టగోడే నా ఫ్యాక్టరీ అయింది.

ఇదంతా ఊసుపోక చేసే పనిగానే ఉండిపోతే ఇంత కథ లేకపోను. నేను ఊరుకోకుండా వదిన పువ్వు మీద చెయ్యి వేశాను.

ఆ ఏడే వానలు వెనకబట్టాక అన్నయ్య పెళ్ళయింది. మా వదినది టెక్కలి. వాళ్ళదీ మాదీ బాప్టిస్టు కుటుంబాలే, కాబట్టి పెళ్ళిలో వదిన చేతిలో పూలగుత్తి ఉంది. అందులో పూలు కొన్నవి కావు. వాళ్ళమ్మ బతికున్నప్పుడు ఒక పాత పెయింటు డబ్బాలో గులాబీ మొక్క నాటిందట. ఆవిడ పోయాక వదిన దానికి నీళ్ళు పోస్తూ, పురుగు పడితే ఏరుతూ కాపాడుకొచ్చింది. పెళ్ళికి ఆ మొక్క పూలే కోసుకుంది. ఆమె మా ఇంటికొచ్చాక ఆ డబ్బాలో నీళ్ళు పోయాలన్న ధ్యాస ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది. మొక్క ఎండిపోయింది. ఆ మాట వాళ్ళ నాన్న ఫోనులో నసుగుతూ చెప్పాడట. ఆ రోజు నుంచి ఆయనకు వదినతో మాట్లాడాలంటే మొహం చెల్లడం లేదు. ఫోను చేస్తే “బాగున్నావా, సరే” అని పెట్టేస్తున్నాడు. పెళ్ళి పూలగుత్తిలోంచి తీసి బైబిల్లో కీర్తనల మధ్య పెట్టుకున్న ఒకే ఒక్క గులాబీ వదిన దగ్గర మిగిలింది. రోజూ ప్రార్థనప్పుడు ఆ పేజీ దగ్గర కాస్త ఆగి, మళ్ళీ మూసేసేది.

నేను దాన్ని చూసిన మరుక్షణమే, “వదినా, దీన్ని లాకెట్టు చేసి ఇస్తాను, నా చేతికియ్యి” అన్నాను.

“ఎందుకులే చిట్టీ, అలాగే ఉండనీ.”

“అలాగే ఉంటే పొడైపోతుంది. చీమలు పట్టేస్తాయి. క్రిస్మస్‌కి టెక్కలి వెళ్ళేటప్పుడు మెళ్ళో వేసుకుని వెళ్దువుగాని.”

ఆ చివరి మాటకు వదిన మొహం మారింది. “మా నాన్న చూస్తే...” అంటూ బైబిలు మూసింది. “మొక్క పోయినా ఇది ఉందని తెలిస్తే ఆయన మనసు కొంచెం కుదుటపడతాది” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, “ఇదొక్కటే ఉంది చిట్టీ. మళ్ళీ రాదు” అంది. (ఆడపడుచు నోరు తెరిచి అడిగితే కొత్త కోడలు కాదనలేదని నాకప్పుడు తట్టలేదు. తట్టినా ఊరుకునే రకాన్ని కాదనుకోండి.) ముందు వేరే పూలతో చేసి చూసి, చెయ్యి కుదిరాకే దీన్ని ముట్టుకుంటానని మాటిచ్చాను.

చెయ్యి కుదరలేదు. కనకాంబరాలతో చేశాను, బంతి రెక్కలతో చేశాను, అప్పుడప్పుడే వేస్తున్న జీడిపూతతో చేశాను. మధ్యాహ్నం పిట్టగోడ మీద పెట్టి, కిందికొచ్చి అన్నం తిని ఓ కునుకు తీసి సాయంత్రం వెళ్ళి చూస్తే, పైన మీగడ కట్టినట్టు పొర, లోపల కదిలే జిగురు. వేలు పెడితే వేలికి అంటుకుని సాగుతుంది. అంతకంటే విచిత్రం, ప్రతి బిళ్ళ మీదా ఒక వేలిముద్ర. “నా బిళ్ళలు ఎందుకు నొక్కుతున్నావురా?” అని అన్నయ్య మీద పడ్డాను. “నాకేటి పనీ పాటా నేదనుకున్నావేటే సైంటిస్టూ!” అని వాడు తన పది వేళ్ళూ చాపి చూపించాడు. వాడికి అప్పటికే నేను సైంటిస్టునైపోయాను.

ఫోనులో పిల్ల దగ్గరికి పరిగెత్తాను. జిగురు గట్టిపడకపోవడానికి ఆమె దగ్గర బోలెడు కారణాలున్నాయి. మందంగా పోస్తే లోపలికి వెలుగు దిగదంది, పలచగా పోశాను. రంగు ఎక్కువైతే వెలుగును ఆపేస్తుందంది, రంగు మానేశాను. పువ్వులో తడి ఉంటే ఆరదంది, పూలను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పూడ్చాను (ఆ వారం మా ఇంట్లో అన్నంలో బంతి రెక్కలు వచ్చాయి). సీసా పాతదైతే పనికిరాదంది, కొత్త సీసా తెప్పించుకున్నాను. అయినా అదే జిగురు. తలుపు గొళ్ళేనికి జిగురు, ఫోనుకు జిగురు, నా జడకు జిగురు. “జిగురు జిగురని కొంపంతా జిగురు సేసీసినావు, సట్టి ముట్టుకుంటే సట్టే నా కూడా వొచ్చెత్తంది” అని అమ్మ గోల పెట్టింది.

ఇంతలో కొత్త జబ్బు మొదలైంది. బిళ్ళల మీద తెల్లగా మబ్బులాంటి మచ్చలు రాసాగాయి. దగ్గర పెట్టుకుంటే ఏదో పులిసిన వాసన. వీడియోలో వెతికితే, గాలిలో తేమ ఎక్కువైతే రెజిన్ తెల్లబడుతుందని ఉంది. ఇంకేం, అసలు దొంగ దొరికాడనుకున్నాను. మాకు సముద్రం దగ్గర కదా, ఆ ఉప్పుగాలే ఇదంతా చేస్తోందని తేల్చేశాను. పులుపు వాసన కూడా సముద్రం ఖాతాలోనే వేశాను. రాత్రి భోజనాల దగ్గర, ఈ ప్రాంతం రెజిన్ పనికి అనుకూలమైనది కాదని గంభీరంగా ప్రకటించాను.

“అయితే ఏటి సెయ్యమంటావు? నీ జిగురు కోసం ఊరెత్తీసి ఎల్లిపోదామేటి?” అన్నాడు అన్నయ్య. వదిన నవ్వలేదు. తల వంచుకుని అన్నం కలుపుతూ కూర్చుంది. పండగ దగ్గర పడుతోందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

నా బాధ పట్టించుకున్నది నానమ్మే. రోజూ సాయంత్రం నేను మొహం వేలాడేసుకుని మెట్లు దిగుతుంటే ఎదురొచ్చి, “తోడుకోనేదా తల్లీ?” అని అడిగేది. లేదంటే, “సలికాలం మరి. రేపు తోడుకుంటాదిలే. ఓ పాలి సూద్దాం” అనేది. ఆ ‘చూద్దాం’లో తనను కూడా ఎందుకు కలుపుకుంటోందో నేను ఆలోచించలేదు. ముసలిదానికి నేనంటే ప్రాణం, అందుకే అలా అంటోందని కళ్ళు చెమర్చుకున్నాను.

క్రిస్మస్ ఇక ముంచుకొస్తోందనగా, కంచిలిలో ఉన్న మా మేనత్తకు ఒంట్లో బాగోలేదని నానమ్మ చూడ్డానికి వెళ్ళింది. విచిత్రం చూడండి, ఆ మర్నాడు నేను పోసిన బిళ్ళ గట్టిపడింది. మామూలుగా కాదు, నేలకేసి కొడితే ఠంగుమంది. తర్వాతి రోజు మూడు పోస్తే మూడూ ఠంగుమన్నాయి. మచ్చ లేదు, వాసన లేదు, వేలిముద్ర లేదు. కాస్త బుర్ర ఉన్నవాళ్ళైతే, ఇంట్లో ఏం మారిందని ఆలోచిస్తారు. నేను గాలి మారిందనుకున్నాను. సముద్రం వైపు తిరిగి థాంక్స్ కూడా చెప్పాను. “వదినా, ఇంక నీ పువ్వు తే” అన్నాను.

వదిన బైబిలు తెచ్చి నా ముందు కూర్చుని ఆ పేజీ తెరిచింది. గులాబీ అణిగి, పలచబడి, నలుపు కలిసిన ఎరుపులో ఉంది. పేజీ మీద దాని మరక కూడా పడింది. నేను కనుబొమలు పీకే పట్టకారుతో దాన్ని ఎత్తి, అంచున్న ఇత్తడి లాకెట్టులో పెట్టాను. పలచగా ఒక పొర పోసి, అది ఆరాక ఇంకోటి పోయాలని నాకు తెలుసు. కానీ మూడు బిళ్ళలు ఠంగుమన్న గర్వం, పైగా వదిన చూస్తోంది. ఒకేసారి అంచుదాకా నింపేశాను. వదిన కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. ఇద్దరం కలిసి పిట్టగోడ మీద మంచి ఎండలో పెట్టి వచ్చాం.

కింద అమ్మ కవళ్ళ చేపల పులుసు కాచింది. కంచాల ముందు కూర్చున్నామో లేదో వాకిట్లో ఆటో ఆగింది. నానమ్మ కంచిలి నుంచి కొబ్బరికాయల సంచితో దిగింది. అత్తకు తగ్గిందట. కాళ్ళు కడుక్కుంటూనే, “నీ జిగురు తోడుకుందేటే?” అని అడిగింది. “ఈరోజు వదిన పువ్వే పోసీసినాను నానమ్మా! మేడ మీదుంది” అన్నాను పులుసు జుర్రుకుంటూ. “ఓలమ్మ, దాని పువ్వే!” అంది నానమ్మ కంగారుగా. అన్నం కూడా పెట్టించుకోకుండా గబగబా లోపలికి వెళ్ళింది. ప్రయాణం బడలిక అనుకున్నాను. నేనూ కాసేపు నడుం వాల్చాను.

లేచి మేడెక్కేసరికి పిట్టగోడ ఖాళీగా ఉంది.

ముందు గోడ కింద చూశాను, తర్వాత నీళ్ళ ట్యాంకు వెనక, ఆరేసిన బట్టల కింద చూశాను. పెరట్లోకి పరిగెత్తి కొబ్బరాకులు తిరగేశాను. కాకి ఎత్తుకుపోయిందా? కోతి? అన్నయ్య వచ్చి సంగతి విని, “మన తోటల్లో ఎలుగ్గొడ్లు తిరుగుతన్నాయి కదే, అదే పట్టుకుపోయుంటాది, దాని పెళ్ళానికి మెళ్ళో ఎయ్యడానికి” అని నవ్వబోయాడు. నా వెనక మెట్ల దగ్గర వదిన నిలబడి ఉండడం చూసి వాడి నోరు మూతపడింది.

“వదినా, పువ్వు కనబడ్డం లేదు” అన్నాను.

వదిన కోప్పడలేదు. మెట్టు మీద నెమ్మదిగా కూర్చుంది. పిట్టగోడ కేసి చూసింది. “పోనీలే చిట్టీ” అంది. తిట్టినా బాగుండేది, ఏడ్చినా బాగుండేది. ఆ ‘పోనీలే’ వింటే నాకు చచ్చిపోవాలనిపించింది. వాళ్ళమ్మ చేత్తో నాటిన మొక్క తాలూకు ఆఖరి పువ్వు, నా గొప్ప చూపించుకోవడానికి అడిగి తీసుకుని పోగొట్టాను. నేను వదిన మోకాళ్ళ దగ్గర కూలబడి భోరుమన్నాను. పోగొట్టుకున్న మనిషి ఊరుకుంటే పోగొట్టినదాన్ని నేను ఏడుస్తున్నాను, ఆవిడే నా తల నిమురుతోంది.

నా ఏడుపుకు నానమ్మ మెట్ల కిందికి వచ్చింది. “ఏటైందే? ఏటి పోయింది?”

“వదిన పువ్వు నానమ్మా! పోసి ఇక్కడెట్టినాను. పోయింది!”

“పోవడమేటే, ఎర్రిగుంటా! నానే తీసి లోపల ఎట్టీసినాను కదేటి” అంది నానమ్మ.

అందరం ఆమె వెనక పెరటి వంటింట్లోకి పరిగెత్తాం. స్నానాలకు నీళ్ళు కాచే కర్రపొయ్యి పక్కన, గోడ వారగా, ఒక వెదురు బుట్ట బోర్లించి ఉంది. పిల్లి రాకుండా దాని మీద రోకలిబండ. బుట్ట ఎత్తితే కింద నానమ్మ పాత నేతచీర ముక్క, నాలుగు మడతలు. ఆ మడతల్లో, వెచ్చగా, చీకట్లో, వదిన లాకెట్టు. దాని మధ్యలో తెల్లగా, గుండ్రంగా, కదులుతూ ఒక చుక్క.

“ఇదేమిటి నానమ్మా?” అన్నాను.

“తోడు” అంది నానమ్మ.

“మజ్జిగే. నువ్వే కదేటే తోడుకుంటాదన్నావు! తోడెయ్యకుండా ఏటి తోడుకుంటాది? అందులోనూ గాలికీ ఎండకీ మేడమీద వొదిలెత్తావు. సలికాలం పాలైనా బుట్టకిందెట్టి పొయ్యి కాడ వెచ్చగా ఉంచితేనే గానీ తోడుకోవు. నువ్వు సదువుకున్న గుంటవి, సెప్తే నామోసీ పడతావని నువ్వు కిందికి దిగ్గానే తెచ్చి ఇక్కడెట్టీదాన్ని. నువ్వు లేసీ ఏలకి మళ్ళా అక్కడెట్టీసీదాన్ని. మొదట ఒట్టినే ఎట్టినాను, యేలెట్టి సూత్తే తోడుకోనేదు. అప్పుడు ఓ సుక్క మజ్జిగేసినాను. అయినా తోడుకోదే! ఇది కోడలి పువ్వు కదాని ఇయ్యాల ఇంకో సుక్క ఎక్కువేసి, ఇంకాసేపు ఉండనిచ్చినాను.”

నేను పోసింది పోసినట్టు ఎండ తగలకముందే ఆమె చీకట్లోకి తెచ్చేస్తోందని, పైన కట్టిన ఆ మీగడ ఆమె మెట్లెక్కి దిగేలోగా తగిలిన ఎండదని, వేలిముద్రలు ఆమెవని, పులుపు సముద్రానిది కాదని నాకు ఒక్కసారిగా తెలిసింది. నేను నెత్తి కొట్టుకుని అరిచాను. “అది పాలు కాదు నానమ్మా! దానికి ఎండ కావాలి! ఎండ తగలకపోతే ఈ జన్మలో గట్టిపడదు! నువ్వు మజ్జిగ పోసి మొత్తం నాశనం చేశావు!”

నానమ్మ మొహంలో వెలుగు పోయింది. నా వైపు, వదిన వైపు మార్చి మార్చి చూసింది. “పాడు సేసీసినానేటి?” అంది చిన్నగా. “మంచికే సేసినానే తల్లీ. నువ్వు రోజూ ఏడుపు మొకం ఎట్టుకుని దిగతంటే సూళ్ళేకపోయినాను.” ఆ నల్లటి వేళ్ళతో చీర ముక్క మడతలు సరిచేస్తూ, “దాని తల్లి పువ్వు కదా అది” అని గొణిగింది. నేను వెళ్ళి ఆమె పక్కన చతికిలబడ్డాను.

అప్పుడు నవ్వింది వదిన. మొదట చేయి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. “పువ్వుకి... తోడు... వేశారా మామ్మగారూ!” అని పొయ్యి గట్టు పట్టుకుని, కడుపు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. మా ఇంటికొచ్చాక ఆమె అంత గట్టిగా నవ్వడం మేమెవరం వినలేదు. అన్నయ్య పెళ్ళాన్ని మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆమె ఏడ్చేసింది. నానమ్మ కంగారుపడి ఆమెను దగ్గరకు తీసుకుంది. చాలాసేపటికి వదిన కళ్ళు తుడుచుకుని, లాకెట్టును వెలుగులో వంచి చూసింది.

“చిట్టీ, ఇదింకా నీళ్ళలాగే ఉంది కదా? గట్టిపడలేదు కదా?”

“లేదు” అన్నాను వెర్రిమొహంతో.

“మరైతే పువ్వు బయటికి తియ్యొచ్చు కదా?”

నా డిగ్రీ, నా వీడియోలు, నా సముద్రపు గాలి సిద్ధాంతం, వీటిలో ఏదీ చెప్పని మాట ఆమె చెప్పింది. అదే ఎండలో ఉండి ఉంటే, నేను అంచుదాకా పోసిన ఆ మందం పైన గట్టిపడి, లోపల జిగురుగా, బుడగలతో అలాగే బిగిసిపోయేది. ఇక ఏ దేవుడూ ఆ పువ్వును విడిపించలేకపోయేవాడు. నానమ్మ చీకట్లో పెట్టబట్టి పువ్వు మాకు తిరిగి దక్కింది. (మజ్జిగ మాటకొస్తే, దాన్ని మాత్రం ఇప్పటికీ సమర్థించలేను.)

మర్నాడు పొద్దెక్కాక వదినే పట్టకారు పట్టుకుంది. పువ్వును తీసి, కారేది కారనిచ్చి, దూది కొసతో మజ్జిగ తుడిచింది. ఒక రెక్క మడతలో ఇంకిన చుక్క మాత్రం రాలేదు. ఇంకా తుడిస్తే రెక్క చిరిగిపోతుందని వదిలేసింది. ఈసారి నేను బుద్ధిగా పలచటి పొర పోశాను. కాకుల్ని తోలడానికి నానమ్మను కాపలా పెట్టాం. ఎండ కావాలని ఆమెకు ఈసారి పదే పదే చెప్పాం. ఆమె పీట వేసుకుని, లాకెట్టు మీదికి వంగి, దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నేను పైకి వెళ్ళి చూస్తే ఆమె నీడ సరిగ్గా లాకెట్టు మీద పడుతోంది.

“నానమ్మా! నీ నీడ!”

“ఓలమ్మో!” అని జరిగింది. జరిగి, తన తలకు ఎండగా ఉందని గొడుగు తీసింది. గొడుగు నీడ మళ్ళీ లాకెట్టు మీద. చివరికి అన్నయ్య ఆమెను పీటతో సహా ఎత్తి అవతలి మూల కూర్చోబెట్టాడు. అక్కణ్ణుంచే ఆమె కాకుల్ని అదిలిస్తూ, నన్ను అదిలిస్తూ, పొర మీద పొర ఆరేదాకా ఉంది. సాయంత్రం లాకెట్టును గోరుతో తట్టాను. ఠంగుమంది. నానమ్మ నా చేతిలోంచి లాక్కుని తనూ తట్టి చూసింది. “తోడుకుంది” అని ఒప్పుకుంది.

క్రిస్మస్‌కు వదిన దాన్ని మెళ్ళో వేసుకుని టెక్కలి వెళ్ళింది. అక్కడ జరిగింది ఆమె తర్వాత చెప్పింది. చర్చి నుంచి వచ్చాక వాళ్ళ నాన్న ఆ లాకెట్టును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడట. పువ్వేమిటో ఆయనకు చెప్పక్కర్లేకపోయింది. “ఈ తెల్ల మచ్చేటమ్మా?” అని మాత్రం అడిగాడు. వదిన మొత్తం చెప్పింది. ఆయన పగలబడి నవ్వి, “మీ అమ్మ ఏనాడూ వేళకి పాలు తోడెయ్యలేదే, ఆవిడ పువ్వుకి తోడేసినారా!” అన్నాడట. అలా నవ్వుతూనే, నీళ్ళు పొయ్యడం మర్చిపోయానమ్మా అని, అన్నాళ్ళుగా అనలేని మాట అనేశాడట. ఆ తర్వాత ఆయన ఫోను చేస్తే, పెట్టెయ్యమన్నా పెట్టడం మానేశాడు.

ఇప్పుడు నేను పలాసలో ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. పిల్లలకు ఏదైనా పోలిక చెప్పేముందు ఆగి, అది వాళ్ళ ఇళ్ళలో ఏ నానమ్మ చెవిన పడుతుందోనని ఆలోచించుకుని మరీ చెబుతాను. నానమ్మ పోయి కొన్నేళ్ళయింది. వదిన మెళ్ళో ఆ లాకెట్టు ఇంకా ఉంది. గులాబీ రంగు ఏమీ మారలేదు గానీ, మజ్జిగ చుక్క కాస్త గోధుమరంగుకు తిరిగింది. వదిన కూతురు దాన్ని పట్టుకుని ఆడుతూ అడిగితే, “పువ్వు మా అమ్మది, చుక్క మామ్మది” అని చెబుతుంది వదిన.

సెలవురోజుల్లో నేను ఇప్పటికీ పిట్టగోడ మీద బిళ్ళలు పోస్తూనే ఉంటాను. ఎప్పుడైనా ఒకటి గట్టిపడక జిగురుగా మిగిలితే వీడియోల దగ్గరికి పోను. పెరటి వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి పక్కనున్న ఆ వెదురు బుట్టను ఎత్తి చూస్తాను. కింద ఏమీ ఉండదని తెలుసు. ఇంత వయసొచ్చి ఇదేం పని అని నన్ను చూసి నాకే నవ్వొస్తుంది, బుట్టను మళ్ళీ జాగ్రత్తగా బోర్లించి వస్తాను.